నీళ్లలో మట్టల గోడ

మా ఆయన ఖమైస్ గొంతు పోయింది మార్చిలో, ఒక గురువారం నాడు. గొంతు పోయిందని జలుబు చేసినప్పుడు అంటామే, ఆ అర్థంలో కాదు. సముద్రం అవతలి ఒడ్డున స్ఫాక్స్ పట్టణం ఆస్పత్రిలో, క్యాన్సర్ గడ్డతో పాటు స్వరపేటిక మొత్తం కోసి తీసేశారు.

ముందురోజు సాయంత్రం పెద్ద డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, "రేపటినుంచి నీకు మాట ఉండదు. ఎవరికేం చెప్పుకోవాలన్నా ఇవాళే చెప్పుకో" అన్నాడు. ఆయన వెళ్లాక నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఖమైస్ ఫోన్ తీసి దీవిలో ఉన్న తమ్ముడు జిలానీతో మాట్లాడాడు.

"ఎండాకాలంలో మట్టలు కొట్టేటప్పుడు ఒడ్డు మీది చెట్లు ముట్టుకోకు. ఉప్పుగాలి తిన్న మట్ట చలికాలం దాటదు. లోపలి తోటలో కొట్టు. వింటున్నావా? లోపలి తోటలో!"

అప్పటికే ఆ గొంతు బొంగురుపోయి ఉంది. మాటకీ మాటకీ మధ్య గాలి జారిపోతోంది. అయినా అరుస్తూనే ఉన్నాడు. నర్సు వచ్చి ఫోన్ పెట్టేయమంది. పెట్టేసి నావైపు తిరిగి, "వాడికి రెండుసార్లు చెబితే గాని ఎక్కదు" అన్నాడు. అతని గొంతుతో నేను విన్న చివరి మాట అది.

మా దీవి చుట్టూ సముద్రం లోతు తక్కువ. పాటు వేళ, నీళ్లు వెనక్కి తీసినప్పుడు, ఎంతో దూరం నడిచి వెళ్లవచ్చు. ఆ నీళ్లలో మా అత్తవారికి తాతల కాలం నుంచి ఒక మడి ఉంది, నేల మీద పొలం ఉన్నట్టే. ఏటా వేసవి వెళ్లగానే ఖర్జూరపు మట్టల్ని బురదలో ఒకదాని పక్కన ఒకటి గుచ్చి గోడలు కడతారు. పోటుతో లోపలికి వచ్చిన చేపలు పాటుతో వెనక్కి మళ్లుతూ ఆ గోడల వెంట సాగి, చివర ఉన్న బుట్టల్లో పడతాయి. శీతాకాలపు పెనుగాలులు మొదలయ్యేలోగా గోడ మూయలేకపోతే ఆ ఏడాదికి మడిని దాయాదులకు వదిలేయాలి. సముద్రాన్ని ఊరికే ఉంచకూడదని మా పెద్దలు పెట్టుకున్న పద్ధతి అది. ఖమైస్ చేతికి వచ్చాక మడి ఏ ఏడాదీ వదలలేదు.

ఆపరేషన్ తర్వాత కిరణాల వైద్యం జరిగింది. మెడ చర్మం నల్లబడి, పొరలుగా ఊడింది. నోట్లో ఉమ్మి ఎండిపోయింది. ఏం తిన్నా సున్నపు గోడ నాకినట్టు ఉందని సైగ చేసేవాడు. చాలాకాలం ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంలోనే పాలూ జావా పోశాం. వేసవి మొదట్లో ఇంటికి తెచ్చుకునేసరికి మనిషిలో ఎముకలే మిగిలాయి. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం: అతను, నేను, మా అత్త ఫ్తూమా. ఆవిడ కొడుకు దవడలు తడిమి చూసి, ఊరి చివర దర్గాకి వెళ్లి మొక్కుకుంది. "వీడి ఎముకలు కనపడకుండా మొహం నిండిన రోజున నీ గుమ్మం ముందు ఊరికంతా కుస్కుస్ పెడతాను."

అతని ఊపిరి ఇప్పుడు మెడ అడుగున, రెండు ఎముకల మధ్య ఉన్న రంధ్రంలోంచి. దాని మీద నేను కుట్టిన పల్చటి గుడ్డ కట్టుకునేవాడు. దగ్గు వస్తే పాత అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, కఫం మెడలోంచి వచ్చి చొక్కా మీద పడేది. ముక్కులోకి గాలి వెళ్లదు కనుక వాసనలు తెలియవు. వేడి సూప్ ఊదుకోలేడు. నేను ఊది ఇస్తే మొహం పక్కకు తిప్పుకుని తాగేవాడు. బరువైనది ఎత్తబోతే ఊపిరి బిగపట్టడం కుదరక చేతులు సడలిపోయేవి. ఇవన్నీ ఎవరో ముందే చెప్పి ఉండవచ్చు. మాకు మాత్రం ఒక్కొక్కటీ జరిగినప్పుడే తెలిసింది.

ఒక్క సంగతి డాక్టరు మరీ మరీ చెప్పాడు. "సముద్రంలో మోకాలు దాటి దిగకు. ముక్కు మూసుకుంటే సరిపోతుందనుకోకు. నీ ముక్కు ఇప్పుడు ఇక్కడుంది" అని మెడ మీద వేలు పెట్టి చూపించాడు.

మెడకు ఆనించి మాట్లాడే బ్యాటరీ పరికరం ఒకటి ఇచ్చారు. కిరణాలకు గట్టిపడిన చర్మం మీద అది సరిగా పలికేది కాదు. మాట కన్నా రొద ఎక్కువగా వచ్చేది. "ఇంట్లో కందిరీగల గూడు పెట్టుకున్నట్టుంది, ఆపరా నాయనా" అంది మా అత్త. ఖమైస్ దాన్ని తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టేశాడు.

సెప్టెంబరు చివర గోడ పని మొదలైంది.

ఆ పనికి ఇద్దరు కావాలి. నీళ్లలో మట్టలు గుచ్చేవాడికి తను ఎటు పోతున్నాడో కనబడదు. పడవలో నిలబడినవాడు ఒడ్డు మీది రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి పడేలా చూసుకుంటూ అతనికి కేక వెయ్యాలి. మా గోడకు గుర్తులు మసీదు మినారు, దాని ముందున్న నీళ్ల ట్యాంకు. కేక వేసేది ఎప్పుడూ ఖమైసే. ఆ కేక రెండు మడుల అవతలి వాళ్లకు కూడా వినపడేది. ఖమైస్ తిట్లకు భయపడే చేపలు బుట్టల్లో దూరతాయని ఊళ్లో హాస్యమాడేవారు.

మొదటి రోజు అతను పడవ చెక్క మీద కర్రతో కొట్టి చెప్పాలని చూశాడు. ఒకసారి కొడితే ఎడమ, రెండుసార్లు కొడితే కుడి. గాలి ఎదురుగా ఉంది. జిలానీకి సగం వినబడ్డాయి, సగం వినబడలేదు. మధ్యాహ్నానికి గోడ వంకరలు తిరిగింది. పక్క మడిలో పనిచేస్తున్న దాయాది మహఫూద్ నిలబడి చూశాడు.

"ఏరా జిలానీ, తాగి కట్టావా? ఆ గోడ వెంట నడిస్తే చేపలకి కళ్లు తిరుగుతాయిరా!"

జిలానీ సాయంత్రం మా ఇంటికి వచ్చి చెప్పులు గుమ్మంలో విసిరేశాడు.

"వదినా, ఆదివారం నువ్వు రావాలి."

"నేనెందుకు?"

"అన్న పెదాలు చదవడం నీకొచ్చు. అరవడం ఎలాగూ వచ్చు. బడిలో నువ్వు 'కూర్చో' అంటే బయట గాడిదలు కూడా కూర్చుంటాయి."

"పడవలో ఆడదేమిట్రా, నలుగురూ నవ్వుతారు" అంది మా అత్త.

"ఇప్పుడు ఏడుస్తున్నారా అమ్మా? ఇవాళ పొద్దుట్నుంచీ నవ్వుతూనే ఉన్నారు."

నేను ఖమైస్ వైపు చూశాను. అతను కాసేపు రొట్టె ముక్క తుంచుతూ ఉండి, పెదాలు కదిపాడు. రబ్బరు బూట్లు తెచ్చుకో, అన్నాడు.

ఆదివారం వెళ్లాను. పడవ ముందు భాగంలో ఖమైస్ గుర్తులు చూస్తూ నిలబడ్డాడు. నేను అతని మొహం కనబడేలా ఎదురుగా కూర్చున్నాను. జిలానీ నడుం లోతు నీళ్లలో మట్టల కట్ట పక్కన ఉన్నాడు. ఖమైస్ పెదాలు కదిపాడు. నేను కేక వేశాను.

"జిలానీ, కొంచెం ఎడమకి జరుగు!"

జిలానీ కదల్లేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నావైపు చూశాడు.

"వదినా, అన్న అన్నది అదేనా?"

"అదే."

"మరి అంతసేపు పెదాలు ఆడాయేం? కొంచెం ఎడమకి జరుగు అనడానికి అంత పొడుగు మాట కావాలా? మొత్తం చెప్పు. లేకపోతే నాకు ఎంత ఎడమో తెలీదు."

"పిల్లలకి చదువు చెప్పేదాన్ని, ఆ మాటలు నేను అనను."

"అయితే నేను జరగను."

చుట్టుపక్కల మడుల్లో పని ఆగింది. "చెప్పండి టీచరమ్మా, మేమూ నేర్చుకుంటాం!" అని మహఫూద్ అరిచాడు. ఇంకెవడో, "హోంవర్కు కూడా ఇవ్వండి!" అన్నాడు. ఖమైస్ అదే మాట మళ్లీ పెదాలతో అన్నాడు. ఈసారి ఒక్కొక్క అక్షరం విడదీసి అన్నాడు, బడిలో నేను ఒత్తులు చెప్పినట్టు.

నేను లేచి నిలబడ్డాను.

"ఎడమకి చావరా, గాడిద కొడకా! నీ కళ్లు పీతలు తినేశాయా?"

అన్ని మడుల్లోంచీ నవ్వులు లేచాయి. జిలానీ మట్ట ఎత్తి పట్టుకుని, "అన్నా, ఆ గాడిద నీకూ నాన్నే!" అని ఎడమకి జరిగాడు. ఖమైస్ నవ్వాడు. భుజాలు ఊగాయి, మెడగుడ్డ ఎగిరెగిరి పడింది, ఈల లాంటి చిన్న చప్పుడు వచ్చింది. ఆపరేషన్ తర్వాత అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత ఆదివారాలూ, బడి లేని మధ్యాహ్నాలూ నేను పడవలోనే ఉన్నాను. అతని తిట్లలో చాలావాటికి ఒక వరుస ఉందని తెలిసింది. పీతలు కళ్లు తింటే ఒక జానెడు జరగాలి. చెవులు తింటే బారెడు. జిలానీకి అది చిన్నప్పట్నుంచీ తెలుసు. నేను నెమ్మదిగా నేర్చుకున్నాను. ఇంటి దగ్గర మా అత్త, "బడిపంతులమ్మ నోరు ఇలా పాడైపోయింది, ఎవరికి చెప్పుకోను" అని వంటింట్లో గిన్నెలతో అనేది. అంటూనే మాకు బార్లీ జావలో ఆక్టోపస్ ముక్కలు ఎక్కువ వేసేది.

పడమటి గోడ తిన్నగా వచ్చింది. తూర్పు గోడ మొదలుపెట్టాం.

అక్టోబరు సగానికి వచ్చేసరికి ఖమైస్‌లో మార్పు కనబడింది. మొదట అది మంచి మార్పే అనుకున్నాం. మొహం నిండింది. బుగ్గలు వచ్చాయి. కళ్ల కింద గుంటలు పూడిపోయాయి. నేను పాలూ అంజీర పండ్లూ పెడుతున్నాను కనుక ఒళ్లు చేస్తున్నాడని అనుకున్నాను. బడిలో తోటి టీచర్లకు ఆ మాట చెప్పాను కూడా.

మా అత్త మొక్కు తీర్చుకోవాలంది. గొర్రెను కోయించింది. దర్గా గుమ్మం ముందు చాపలు పరిచి, పెద్ద గంగాళాల్లో గోధుమరవ్వా మాంసమూ కలిపి వండిన కుస్కుస్ పెట్టాం. ఊళ్లో ఆడవాళ్లందరూ వచ్చారు. ఒక్కొక్కరే వచ్చి ఖమైస్ మొహం చూసి వెళ్లారు.

"మాషా అల్లా! పెళ్లికొడుకులా ఉన్నాడు ఫ్తూమా."

"నజీహా, ఏం పెడుతున్నావో మా ఆయనకీ కాస్త పంపు. చీపురుపుల్లలా ఉన్నాడు" అంది ఒకావిడ నాతో.

"దిష్టి పెట్టకండే!" అని మా అత్త వాళ్లను మురిపెంగా కసిరింది. "ఎండాకాలంలో ఈ బుగ్గల మీద వేలు పెడితే పళ్లు తగిలేవి. ఇప్పుడు చూడండి, తగలనే తగలవు."

ఖమైస్ ఆ ఎండలో ఉన్ని కోటు కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పళ్లెం ముందు పెడితే చెంచా పట్టుకున్నాడు. కాసేపటికి చూస్తే చెంచా చేతిలో ఉండగానే నిద్రపోతున్నాడు. "పోనీలే, అలిసిపోయాడు" అని అతని మీద దుప్పటి కూడా కప్పారు.

పడవలో కూడా అలాగే ఉండేవాడు. గుర్తులు చూస్తున్నట్టే నిలబడేవాడు గాని పెదాలు కదిపేవాడు కాదు. జిలానీ మట్ట పట్టుకుని నీళ్లలో ఎదురుచూసేవాడు. నేను "ఎడమా, కుడా?" అని అడిగితే, చాలాసేపటికి నావైపు తిరిగి, ఏమిటన్నట్టు చూసేవాడు. ఒకనాడు గోడ రెండు బారలు పక్కకు పోయింది. ఖమైస్ అది చూశాడు. చూసి కూర్చుండిపోయాడు.

జిలానీ నీళ్లు చిమ్ముకుంటూ పడవ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, తిట్టు. వంకర పోయింది, కనబడటంలా? తిట్టు!"

ఖమైస్ కోటు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏమన్నాడు వదినా?"

"ఏమీ అనలేదు."

"అందుకే చెబుతున్నా. ఆయనకి ఇష్టం పోయింది. నేనొక్కణ్ణే ఎన్నాళ్లు ఈ బురదలో? గాలులు వచ్చేలోగా ఇది మూయలేం. మహఫూద్ నిన్న కూడా అడిగాడు. ఈ ఏడాదికి ఇచ్చేద్దాం. నేను అతనితో కలిసి చేస్తా. వచ్చే ఏడు చూసుకుందాం."

"మీ అన్నని అడుగు."

"అడిగానుగా! నీ ముందే అడిగాను."

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఖమైస్‌ని అడిగాను. మడి మహఫూద్‌కి ఇచ్చేద్దామా? అతను చాలా నిదానంగా తల ఎత్తాడు. ఇవ్వను అని గాని, ఇచ్చెయ్ అని గాని అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా నిదానంగానే వచ్చాయి. మొహం నిండిన మనిషి, ఎముకలు కనబడని మనిషి, అలా ఎందుకు కూర్చున్నాడో నాకు అర్థం కాలేదు. గొంతు కోసం బెంగ పెట్టుకున్నాడు అంది మా అత్త. నేనూ అదే అనుకున్నాను.

ఆ వారంలోనే మెడ రంధ్రం చుట్టూ ఒరుసుకుపోయి రక్తం కనబడింది. అది చూపించడానికి ఫెర్రీ ఎక్కి స్ఫాక్స్ వెళ్లాం. వేసవి తర్వాత రమ్మన్న తేదీలకు మేం వెళ్లలేదు. గోడ పని ఉందని మానేశాం.

ఆ రోజు ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మెడ శుభ్రం చేసి మందు రాసింది. తర్వాత ఖమైస్ చెయ్యి పట్టుకుని, వదలకుండా అలాగే ఉంచుకుంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నారు?"

"బాగా తేరుకున్నారండి. ఒళ్లు చేశారు" అన్నాను.

"మీరు కాదు, ఆయన్ని చెప్పనివ్వండి" అని ఖమైస్‌కు ఎదురుగా కుర్చీ వేసుకుంది. "ఎలా ఉంది మీకు?"

ఖమైస్ పెదాలు కదిపాడు. ఆమెకు అర్థం కాక నావైపు చూసింది.

"చలి" అన్నాను.

"ఇంకా?"

"బరువు."

ఆమె ఎదురుచూసింది. నాకు ఆ ఎదురుచూపు కొత్త. ఇంట్లో మేం ఎవరం అంతసేపు ఆగలేదు. ఖమైస్ ఇంకొక మాట అన్నాడు. నేను చెప్పడానికి కాస్త సమయం పట్టింది.

"ఇది నేను కాదు, అంటున్నారు."

ఆమె తల ఊపింది. అతని బుగ్గ మీద వేలితో నొక్కి చూసింది. కనుబొమల చివర్లు చూసింది. అవి రాలిపోయి సగమే ఉన్నాయి. రోజూ చూసే మొహంలో నేను అది గమనించలేదు. "ఇది కండ కాదండీ, వాపు" అంది. మెడలో ఒక గ్రంథి ఉంటుందనీ, ఆపరేషన్‌లో అందులో కొంత పోతుందనీ, మిగిలినదాన్ని కిరణాలు ఎండగడతాయనీ, అది పనిచేయకపోతే ఒంట్లో అన్నీ నిదానించిపోతాయనీ చెప్పింది. మనసు కూడా. రక్తం పరీక్ష చేయించింది. రోజూ పొద్దున్న పరగడుపున వేసుకోవడానికి చిన్న మాత్ర రాసింది. పప్పుగింజంత మాత్ర.

ఇంటికి వచ్చి ఈ సంగతి మా అత్తకు చెప్పాను.

"అయితే నేను గొర్రెను కోసి మొక్కు తీర్చింది వాపుకా?" అంది.

"దర్గాలో ఆయనకి తెలుసులే అమ్మా, సర్దుకుంటాడు" అన్నాడు జిలానీ. "వాపు తగ్గాక ఇంకో గొర్రెను కొయ్యి. మేం వద్దనం."

"నోర్ముయ్!" అంది ఆవిడ. కాని కొడుకు దగ్గరికి వెళ్లి ఉన్ని కోటు గుండీలు తనే పెట్టింది.

మాత్ర నిదానంగా పనిచేసింది. మహఫూద్‌కి ఏ జవాబూ చెప్పకుండా ఆపమని జిలానీని బతిమాలాను. అతను గొణుక్కుంటూనే నీళ్లలోకి దిగాడు. నవంబరు చివర ఒక పొద్దున ఖమైస్ కోటు లేకుండా పడవ ఎక్కాడు. తూర్పు గోడ చూశాడు. ఆ మొదలు నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత నావైపు తిరిగి పెదాలు కదిపాడు. నేను ఇక్కడ రాయను గాని, అక్కడ మాత్రం ఒక్క ముక్క వదలకుండా అరిచాను. జిలానీ నీళ్లలోనే నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "అల్లాకి వేల దండాలు! మా అన్న వచ్చాడు!" అన్నాడు. వంకర పోయిన భాగమంతా పీకించి మళ్లీ గుచ్చించాడు ఖమైస్.

మొహం మళ్లీ చిక్కింది. మా అత్తకు అది నచ్చలేదు. "ఆ బుగ్గలే బాగున్నాయి" అనేది.

ఆ తర్వాత అతను ఊరికే కూర్చోలేకపోయాడు. తూర్పు గోడ ఇంకా చాలా మిగిలింది. ఉత్తరాన మబ్బులు రోజూ కనబడుతున్నాయి. జిలానీ ఒక్కడే గుచ్చుతుంటే ఖమైస్ పడవలో అటూ ఇటూ తిరిగేవాడు. ఒక ఆదివారం ప్యాంటు పైకి మడిచి, నేను చూస్తుండగానే నీళ్లలోకి దిగాడు. పాటు వేళ. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. నేను పడవ అంచు పట్టుకుని లేచాను.

"ఖమైస్, డాక్టరు ఏం చెప్పాడు?"

అతను మోకాలి మీద వేలితో గీత గీసి చూపించాడు. ఇది దాటను.

"ఒట్టు?"

మెడగుడ్డ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. తర్వాత వంగి ఒక మట్ట అందుకుని బురదలో గుచ్చాడు. అది నిలబడింది. నిలబడిందా అని దాన్ని ఊపి చూసి, నావైపు చూశాడు. ఆ మొహం చూశాక నేను మళ్లీ కూర్చున్నాను. ఆ రోజు అన్నదమ్ములు గోడ చివరి దాకా తాడు కట్టి గుర్తు పెట్టుకున్నారు. తాడు వెంట గుచ్చుకుంటూ పోవడమే మిగిలింది కనుక, ఇక కేకలతో పని లేదన్నారు. నేను వారం మధ్యలో రానక్కర్లేదన్నారు.

డిసెంబరులో ఒక బుధవారం నేను మూడో తరగతికి పాఠం చెబుతున్నాను. బోర్డు మీద ఒక వాక్యం రాస్తున్నాను. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచాడు. బడిలో ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవడు. నేను రాస్తున్న వాక్యం పూర్తి చేశాను. చివర చుక్క పెట్టాను. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను.

జరిగినదంతా నాకు మహఫూద్ చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ గోడకు చెరో వైపు నుంచి గుచ్చుకుంటూ వస్తున్నారు. మధ్యలో కొద్దిపాటి ఖాళీ మిగిలింది. సాయంత్రానికి మూసేయాలనుకున్నారు. పాటు అయిపోయి పోటు తిరిగింది. నీళ్లు మోకాలు దాటాయి, తొడల దాకా వచ్చాయి. ఖమైస్ ఒడ్డుకు రాలేదు. భుజం మీద మట్టల కట్ట ఉంది. కాలు జారిందో, అల తగిలిందో తెలియదు. లేచి నిలబడితే నడుం దాకా కూడా రాని నీళ్లు అవి. జిలానీ వీపు అటు తిప్పి వంగి పని చేస్తున్నాడు. ఏ చప్పుడూ వినబడలేదు. మట్టలు తేలుతూ తన దగ్గరికి వచ్చాక వెనక్కి తిరిగి చూశాడు. ఖమైస్‌ను ఒడ్డుకు మోసుకొచ్చినవాళ్లలో మహఫూద్ ఒకడు.

అంత్యక్రియలు మర్నాడే జరిగాయి. ఆడవాళ్లు ఇంటి నిండా ఉన్నారు. మా అత్త ఏడవలేదు. తలుపు వైపు చూస్తూ కూర్చుని ఒకే మాట అంది. "చిన్నప్పుడు వీడికి ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినపడేలా అరిచేవాడు." నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

పెనుగాలులు జనవరిలో వచ్చాయి. అప్పటికి మహఫూద్ తన కొడుకులతో వచ్చి గోడ మూశాడు. మడి ఈ ఏడాదికి తీసుకోనన్నాడు, చేపలు మాకే పంపుతున్నాడు. నేను సెలవు అయిపోగానే బడికి వెళ్లాను. మాత్రల సీసాలో సగం ఇంకా ఉన్నాయి. వాటిని ఆస్పత్రికి తిరిగి ఇస్తే ఎవరికైనా పనికొస్తాయని పంపేశాను.

జిలానీ పనిలోకి మళ్లీ దిగాడు. మడిలోకి కాదు, వేరేవాళ్ల పడవ మీద కూలికి. వీధిలో ఎదురైతే తల దించుకుని, "బాగున్నావా వదినా" అంటాడు. "బాగున్నాను" అంటాను. "అమ్మ?" అంటాడు. "తింటోంది, పడుకుంటోంది" అంటాను. అక్కడితో ఆగిపోతాం. ఇంటికి రమ్మని మా అత్త రెండుసార్లు కబురు పంపింది. వస్తానన్నాడు, రాలేదు.

నీళ్లు మోకాలు దాటినప్పుడు వాళ్లిద్దరి మధ్య ఏం జరిగిందో, అన్నను ఒడ్డుకు పొమ్మని అతను అన్నాడో లేదో, అని ఉంటే ఖమైస్ సైగతో ఏం జవాబు చెప్పాడో, జిలానీకి మాత్రమే తెలుసు. అతను ఇంకా చెప్పలేదు. నేను ఇంకా అడగలేదు.